ఆస్టెనైటిక్ ఉక్కుల్లో సరిహద్దు కార్బైడ్లు

ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ను సుమారు 425 నుంచి 870 డిగ్రీల సెల్సియస్ మధ్య కొంతసేపు ఉంచితే, అందులో కరిగి ఉన్న కార్బన్ క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్ రూపంలో బయటపడుతుంది. లోహమంతటా ఒకేసారి, ఒకేలా ఇది జరగదు. మొదట స్ఫటిక రేణువుల సరిహద్దుల మీద, ఆ తర్వాత కవల స్ఫటికాల సరిహద్దుల మీద, బాగా ఆలస్యంగా రేణువుల లోపల కార్బైడ్ పుడుతుంది. వెల్డింగ్ చేసిన పాత్రలకు అతుకు పక్కనే తుప్పు తగలడం, అణు రియాక్టర్ల పైపులు చీలడం, రైలు పట్టాల క్రాసింగులు పెళుసెక్కడం, బాయిలర్ గొట్టాలు ఏళ్ల తరబడి సాగకుండా నిలవడం, వీటన్నిటి వెనకా ఉన్నది ఇలాంటి కార్బైడ్ అవక్షేపణే. ఎంత కార్బైడ్ పుట్టిందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఎక్కడ పుట్టింది, ఏ ఆకారంలో పుట్టింది అన్నవే మేలుకీడులను తేలుస్తాయి.

కార్బన్ ఎందుకు నిలవదు

స్టెయిన్‌లెస్ రకాల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్న 304లో క్రోమియం 18 శాతానికి పైన, నికెల్ 8 శాతానికి పైన ఉంటాయి. కార్బన్ 0.08 శాతం మించకూడదు. ఇనుము సాధారణంగా ఎర్రగా కాలినప్పుడు మాత్రమే ఉండే ఆస్టెనైట్ స్ఫటిక అమరికను గది ఉష్ణోగ్రతలో కూడా నిలిపి ఉంచేది నికెల్. కార్బన్ పరమాణువులు చిన్నవి కాబట్టి లోహ పరమాణువుల మధ్య సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. 1050 డిగ్రీల దగ్గర ఉన్న కార్బన్ అంతా హాయిగా కరిగి ఉంటుంది. ఉష్ణోగ్రత దిగేకొద్దీ ఆ ఓర్పు వేగంగా తగ్గి, 600 డిగ్రీల దగ్గర శాతంలో నూరో వంతుకు అటూ ఇటూగా మిగులుతుంది. అందుకే తయారీదారు ఉక్కును 1040 నుంచి 1120 డిగ్రీల వరకు వేడి చేసి, వెంటనే నీళ్లలో ముంచి చల్లారుస్తాడు. దీన్నే సొల్యూషన్ అనీలింగ్ అంటారు. కార్బన్‌కు బయటపడే వ్యవధి దొరకదు, ఉన్నచోటే బందీ అయిపోతుంది. గది ఉష్ణోగ్రతలో అది కదలలేదు కనుక ఆ నిర్బంధం శాశ్వతమనే చెప్పాలి. వంటింటి స్టీలు గిన్నెకు ఈ జబ్బు సోకకపోవడానికి కారణం ఇదే. లోపల పప్పో చారో ఉన్నంతకాలం గిన్నె 425 డిగ్రీల దరిదాపుల్లోకి కూడా పోదు.

మళ్లీ వేడి తగిలితే ముందుగా పుట్టేది ఎం23సి6 అనే కార్బైడ్. ఇందులో ఎం అంటే లోహం. అది ముఖ్యంగా క్రోమియం, కొంత ఇనుము, మాలిబ్డినం ఉన్న ఉక్కుల్లో కొంత అది కూడా. దాని స్ఫటిక ఘటం పెద్దది. 92 లోహ పరమాణువులు, 24 కార్బన్ పరమాణువులు కలిసి ఒక్కో ఘటంలో 116 ఉంటాయి. ఘటపు అంచు సుమారు 1.06 నానోమీటర్లు. ఆస్టెనైట్ ఘటపు అంచు 0.36 నానోమీటర్లు. అంటే దాదాపు సరిగ్గా మూడు రెట్లు. ఈ పొంతన వల్ల కార్బైడ్ తన అక్షాలను ఆస్టెనైట్ అక్షాలకు సమాంతరంగా పెట్టుకుని పెరుగుతుంది. సరిహద్దు మీద పుట్టిన కార్బైడ్‌కు రెండు పక్కలా రెండు రేణువులు ఉంటాయి కదా, వాటిలో ఒకదానితోనే ఈ పొత్తు కుదుర్చుకుంటుంది. రెండోదానితో పొంతన లేని అంచు మిగులుతుంది. పెరుగుదల చాలా వరకు ఆ పొంతన లేని వైపుకే సాగుతుంది.

టైటేనియం, నియోబియం ఉన్న ఉక్కుల్లో వాటి కార్బైడ్లు, మాలిబ్డినం ఉన్న ఉక్కుల్లో దీర్ఘకాలం వేడి తగిలాక ఎం6సి కూడా పుడతాయి. కానీ సరిహద్దు కథలో నాయకుడూ ప్రతినాయకుడూ ఎం23సి6 ఒక్కటే.

ఏ సరిహద్దు ముందు

304ను సూక్ష్మదర్శిని కింద పెడితే కంటికి ముందుగా ఆనేవి రేణువుల లోపల గీత గీసినట్టు సూటిగా సాగే జంట గీతలు. అవి అనీలింగ్ కవలల సరిహద్దులు. పరమాణు పొరల పేర్పు తప్పడానికి ఈ ఉక్కులో చాలా తక్కువ శక్తి చాలు. అందుకే వేడికి రేణువులు పెరిగేటప్పుడు ఇలాంటి కవలలు విరివిగా పుడతాయి. కవల సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న స్ఫటికాలు ఒకదానికొకటి అద్దంలో బింబాల్లా ఉంటాయి. ఆ పొర మీది పరమాణువులు ఇటు స్ఫటికానికీ అటు స్ఫటికానికీ చెల్లుతాయి. దీన్ని పొందికైన కవల సరిహద్దు అంటారు. పట్టీ ఆగిపోయే చోట, లేదా మెట్టులా పక్కకు జరిగే చోట ఆ సరిపోలిక చెడుతుంది. అది పొందిక లేని కవల సరిహద్దు.

304 ఉక్కులో సాధారణ రేణు సరిహద్దు శక్తి చదరపు మీటరుకు సుమారు 800 మిల్లీజూళ్లు. పొందిక లేని కవల సరిహద్దుకు సుమారు 200. పొందికైనదానికి 20 మాత్రమే. కార్బైడ్ కేంద్రకం పుట్టినప్పుడు అది ఆక్రమించిన మేర సరిహద్దు మాయమై, ఆ శక్తి మిగులుబాటు అవుతుంది. మిగులు ఎంత ఎక్కువైతే కేంద్రకం పుట్టడం అంత సులువు. కాబట్టి వరుస కూడా ఈ అంకెల వరుసే. వెల్డ్ లోహంలో లాగా డెల్టా ఫెర్రైట్ అనే మరో స్ఫటిక రూపం కొంచెం ఉంటే కార్బైడ్ అన్నిటికన్నా ముందు ఫెర్రైట్, ఆస్టెనైట్ల హద్దు మీద పుడుతుంది. తర్వాత మామూలు రేణు సరిహద్దులు, ఆ తర్వాత పొందిక లేని కవల సరిహద్దులు, ఆపైన పొందికైనవి, చివరగా రేణువు లోపల పరమాణు వరుసలు తప్పిన గీతలు, అంటే డిస్లొకేషన్లు. స్టిక్లర్, వింకియర్ 1961లో 304 మీద ప్రచురించిన పరిశోధన ఈ క్రమాన్నీ కార్బైడ్ ఆకారాలనూ స్పష్టంగా చూపిన తొలి పనుల్లో ఒకటి. ఇప్పటికీ దాన్ని ఉటంకించని సమీక్ష అరుదు.

సరిహద్దు మారితే ఆకారమూ మారుతుంది. రేణు సరిహద్దు మీద తక్కువ ఉష్ణోగ్రతలో, అంటే 600 డిగ్రీల చుట్టుపక్కల, కార్బైడ్ పలుచని పొరలా దాదాపు ఎడతెగకుండా పరుచుకుంటుంది. కాస్త పైకి పోతే కొమ్మలు వేసిన ఆకారాలు వస్తాయి. ఇంకా పైన, 800 డిగ్రీలకు చేరువలో, విడివిడిగా నిలబడ్డ కోణాల పలుకులు కనబడతాయి. పొందిక లేని కవల సరిహద్దు నుంచి కార్బైడ్ కడ్డీల్లా, పట్టీల్లా బయలుదేరుతుంది. పొందికైన సరిహద్దు మీద అది త్రికోణాకారపు పలుచని రేకుగా, కవల తలానికి అంటుకుని పెరుగుతుంది. ఆస్టెనైట్‌లో పరమాణువులు అతి దట్టంగా పేర్చి ఉండే తలం అదే కావడం ఇందుకు కారణం.

వంద మంది విద్యార్థులకు కార్బైడ్ బొమ్మ గీయమంటే తొంభై మంది సరిహద్దు వెంట సమానమైన చుక్కల వరుస గీస్తారు. నిజం ఆ బొమ్మలా ఉండదు. ఒకే రేణువుకు ఉన్న ఐదారు అంచుల్లో రెండు నిండా కార్బైడ్ పట్టి, మూడోది ఖాళీగా ఉండటం మామూలే. సరిహద్దుకు రెండు పక్కల స్ఫటికాలు ఎంత కోణంలో మెలితిరిగి ఉన్నాయి, సరిహద్దు తలం ఏ దిశలో ఉంది అన్నవి ఆ తేడాకు మూలం. ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ట్రిల్లో, మర్ 1990ల చివర వేర్వేరు కార్బన్ పాళ్లున్న 304 నమూనాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, మెలి కోణానికీ కార్బైడ్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని వివరంగా చూపారు.

క్రోమియం కరువు

జర్మనీలోని ఎస్సెన్‌లో క్రుప్ సంస్థకు చెందిన బెనో స్ట్రౌస్, ఎడ్వర్డ్ మౌరర్ క్రోమియం, నికెల్ ఉక్కును రూపొందించగా 1912లో దానికి పేటెంట్ దరఖాస్తు పడింది. ఆ ఉక్కుతో రసాయన పరిశ్రమకు పాత్రలు కట్టడం మొదలయ్యాక వింత వైఫల్యాలు కనిపించాయి. పైకి మెరుస్తూ ఉన్న లోహం రేణువు రేణువుగా రాలిపోయేది. కార్బైడ్ చుట్టూ క్రోమియం తరిగిపోవడమే కారణమని స్ట్రౌస్, షాట్‌కీ, హిన్యూబర్ 1930లో ప్రతిపాదించారు. 1933లో అమెరికాలో బెయిన్, అబోర్న్, రూథర్‌ఫర్డ్ దాన్ని గట్టి పునాది మీద నిలబెట్టారు.

బరువులో ఒక పాలు కార్బన్ కార్బైడ్‌గా మారడానికి 16 పాళ్లకు పైగా క్రోమియాన్ని కట్టేస్తుంది. 304లో 0.06 శాతం కార్బన్ మొత్తం కార్బైడ్ అయిపోయినా పోయే క్రోమియం ఒక శాతమే. 18 ఉన్నది 17 అయితే తుప్పుకు లెక్కే లేదు. చిక్కు అంతా ఆ ఒక్క శాతాన్ని కార్బైడ్ ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందన్న దగ్గర ఉంది. 650 డిగ్రీల వద్ద గంటలో కార్బన్ పరమాణువు సుమారు 25 మైక్రోమీటర్ల దూరం విసరణ చెందగలదని ఉజ్జాయింపు లెక్క. అది సగటు రేణువులో సగానికి సమానం. అదే గంటలో క్రోమియం కదిలేది 20 నానోమీటర్లు. తేడా వెయ్యి రెట్లకు పైమాటే. అంటే కార్బన్ రేణువు నడిబొడ్డు నుంచి కూడా సరిహద్దుకు చేరుతుంది, క్రోమియం మాత్రం సరిహద్దును ఆనుకున్న పలుచని పట్టీ నుంచే రావాలి. రేణువు మొత్తం కార్బన్‌కు సరిపడా క్రోమియాన్ని ఆ పట్టీ ఒక్కటే చెల్లించాలన్నమాట. పదుల నుంచి వందల నానోమీటర్ల వెడల్పులో క్రోమియం 12 శాతం కన్నా దిగిపోతుంది. ఉక్కును కాపాడే ఆక్సైడ్ పొర అక్కడ నిలవదు. ఆమ్లం ఆ సన్నని దారి పట్టి లోపలికి పోతుంది. ఈ స్థితికి చేరడాన్ని సెన్సిటైజేషన్ అంటారు.

వేడిని ఇంకా కొనసాగిస్తే లోహం తనంతట తాను కోలుకుంటుంది. కార్బన్ అయిపోయాక కార్బైడ్ పెరుగుదల ఆగుతుంది. రేణువు లోపలి నుంచి క్రోమియం మెల్లగా వచ్చి పట్టీని మళ్లీ నింపుతుంది. కార్బైడ్ అలాగే ఉంటుంది, సెన్సిటైజేషన్ మాత్రం పోతుంది. స్టావ్‌స్ట్రోమ్, హిలెర్ట్ 1969లో ఈ కరువూ కోలుకోవడమూ రెండింటినీ ఒకే లెక్కలో బిగించారు. సరిహద్దు మీద కార్బైడ్ కనిపిస్తే చాలు ఉక్కు చెడిందని తేల్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీర్పు తొందరపాటు.

పొందికైన కవల సరిహద్దు మీద కార్బైడ్ పుట్టినా, దాని పక్కన ఈ కరువు అంత తీవ్రం కాదు. అక్కడ కార్బైడ్ ఆలస్యంగా మొదలవుతుంది, అప్పటికి కార్బన్‌లో పెద్ద వాటాను రేణు సరిహద్దులు తినేసి ఉంటాయి. పైగా ఆ సరిహద్దు వెంట విసరణ నెమ్మది. తుప్పు పరీక్షకు పెట్టిన నమూనాలో రేణువుల చుట్టూ లోతైన కందకాలు తవ్వినట్టు కనబడుతున్నా, లోపలి కవల గీతలు చెక్కుచెదరకుండా ఉండటానికి ఇదే కారణం. పొందిక లేని మెట్ల దగ్గర మాత్రం చిన్న చిన్న గుంటలు పడవచ్చు.

వెల్డ్ పక్కన

వెల్డింగ్‌లో అతుకుకు సరిగ్గా ఆనుకున్న లోహం వెయ్యి డిగ్రీలు దాటి వేడెక్కి త్వరగా చల్లారుతుంది, అక్కడ కార్బైడ్‌కు వీలుండదు. కొన్ని మిల్లీమీటర్లు దూరంగా ఉన్న పట్టీ మాత్రం ప్రమాదకరమైన ఉష్ణోగ్రతల్లో తగినంతసేపు గడుపుతుంది. తుప్పు కూడా అతుకు మీద కాకుండా దానికి సమాంతరంగా ఇరుపక్కలా రెండు గీతలుగా వస్తుంది. పరిశ్రమలో దీన్ని వెల్డ్ డికే అంటారు. పలుచని రేకును ఒక్క పాస్‌లో వెల్డ్ చేస్తే ఈ బెడద దాదాపు ఉండదు. మందపాటి ప్లేటును పాస్ మీద పాస్ వేసి అతికితే, ఆ పట్టీ మళ్లీ మళ్లీ వేడెక్కి వ్యవధి కూడుతుంది.

దీనికి భారీ మూల్యం చెల్లించిన రంగం అణు విద్యుత్తు. 1970ల మధ్యలో అమెరికాలోని మరిగే నీటి రియాక్టర్లలో, 304తో చేసిన పైపులకు వెల్డ్ పక్కనే రేణు సరిహద్దుల వెంట పగుళ్లు వరసగా బయటపడ్డాయి. మూడు కారణాలు ఒకచోట కలిశాయి. వెల్డింగ్ వల్ల సెన్సిటైజ్ అయిన లోహం, వెల్డింగ్ వల్లే మిగిలిపోయిన సాగుడు ఒత్తిడి, సుమారు 288 డిగ్రీల నీళ్లలో కరిగిన ఆక్సిజన్. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా పగులు ఆగుతుంది. నీళ్లలో హైడ్రోజన్ కలిపి ఆక్సిజన్‌ను తగ్గించడం, పైపు లోపలి గోడ మీది ఒత్తిడిని అణగదొక్కడం, కార్బన్‌ను 0.02 శాతానికి కుదించిన 316 రకపు పైపులు వేయడం, ఇలా మూడు దారులూ తొక్కారు. వెల్డింగ్ నాడు పుట్టిన అతి చిన్న కార్బైడ్ కేంద్రకాలు రియాక్టర్ నడిచే ఉష్ణోగ్రతలోనే ఏళ్ల మీద పెరిగి, మొదట్లో బాగున్న అతుకును కూడా సెన్సిటైజ్ చేయగలవని అప్పుడే గుర్తించారు.

పరీక్షలు

అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఏ262 కింద ఉన్న పరీక్షలు ప్రపంచంలో విరివిగా నడుస్తున్నాయి. పది శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో నమూనాను ఉంచి, చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ చొప్పున నిమిషంన్నర విద్యుత్తు పంపి, సూక్ష్మదర్శినితో చూడటం వాటిలో చౌక. ఎత్తుపల్లాల మెట్లు మాత్రమే కనిపిస్తే ఉక్కు పాసైనట్టే. కందకం రేణువును పూర్తిగా చుట్టేస్తే ఫెయిలైందని దీనితోనే తేల్చరు, అసలు ఆమ్ల పరీక్షకు పంపుతారు. మరిగే 65 శాతం నత్రికామ్లంలో 48 గంటల చొప్పున ఐదుసార్లు ఉంచి బరువు నష్టం చూసే హ్యూయీ పరీక్ష వాటిలో కఠినం. కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో మరిగించి, నమూనాను వంచి పగుళ్లు వెతికే పద్ధతి స్ట్రౌస్ కాలం నుంచి వస్తున్నది.

విరుగుళ్లు

ఒక విరుగుడు కార్బన్ తగ్గించడం. 304ఎల్, 316ఎల్ రకాల్లో కార్బన్ 0.03 శాతం మించదు. సెన్సిటైజేషన్‌కు 0.08 శాతం కార్బన్‌కు నిమిషాలు చాలితే, దీనికి గంటలు కావాలి. వెల్డింగ్ అంత సమయం ఇవ్వదు. ఆక్సిజన్, ఆర్గాన్ ఊది కార్బన్ తీసేసే ఏఓడీ పద్ధతి రాకముందు ఇంత తక్కువ కార్బన్ సాధించడం ఖరీదైన వ్యవహారం. అందుకే ముందు తరం వారు మరో దారి పట్టారు. 321లో కార్బన్‌కు కనీసం ఐదు రెట్లు టైటేనియం, 347లో కనీసం పది రెట్లు నియోబియం వేస్తారు. కార్బన్ వాటితో జత కట్టి రేణువు లోపలే ఉండిపోతుంది, క్రోమియం జోలికి రాదు. ఇందులోనూ ఒక లొసుగు ఉంది. వెల్డ్‌ను సరిగ్గా ఆనుకున్న సన్నని గీతలో 1200 డిగ్రీలు దాటి ఆ కార్బైడ్లు కరిగిపోతాయి. తర్వాత ఆ భాగానికి 650 డిగ్రీల వేడి మళ్లీ తగిలితే క్రోమియం కార్బైడే ముందు పుడుతుంది. కత్తి గాటులాంటి తుప్పు గీత పడుతుంది.

కార్బన్ తగ్గిస్తే బలం కూడా తగ్గుతుంది. ఆ లోటును నైట్రోజన్ తీరుస్తుంది, పైగా కార్బైడ్ పుట్టుకను ఆలస్యం చేస్తుంది. కల్పాక్కంలోని ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌కు 0.06 నుంచి 0.08 శాతం నైట్రోజన్ ఉన్న 316ఎల్ఎన్ ఉక్కును ప్రధాన నిర్మాణ లోహంగా ఎంచుకోవడం ఈ ఆలోచన నుంచే వచ్చింది.

ఉక్కు కూర్పును ముట్టుకోకుండా సరిహద్దులనే మార్చడం కొత్త దారి. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన కొకావా బృందం 304ను ఐదు శాతం మాత్రమే చదును చేసి, 1200 కెల్విన్ల వద్ద 72 గంటలు ఉంచింది. కవలలతోనూ వాటి సంబంధీకులతోనూ కూడిన ప్రత్యేక సరిహద్దుల వాటా 85 శాతం దాటింది, రేణు సరిహద్దు తుప్పు బాగా తగ్గింది. 2002లో ఈ ఫలితం అచ్చయ్యాక ఎన్నో బృందాలు ఈ దారి పట్టాయి. వాటా అంకెను చూసి మురిసిపోవడం మాత్రం సరికాదు. రేణువు మధ్యలో సూటిగా పడిన కవల గీత ఎన్ని ఉన్నా తుప్పు దారికి అడ్డు రాదు, ఎందుకంటే తుప్పు నడిచేది రేణువు చుట్టూ. రెండు కవల సరిహద్దులు కలిసినచోట మూడోది కూడా ప్రత్యేక సరిహద్దు అవుతుంది. అలాంటి కూడళ్లు పెరిగి, మామూలు సరిహద్దుల వల ముక్కలు ముక్కలుగా తెగిపోయినప్పుడే అసలు మేలు.

కోరి తెచ్చుకునే కార్బైడ్

థర్మల్ విద్యుత్ కేంద్రాల సూపర్‌హీటర్ గొట్టాలకు తక్కువ కార్బన్ ఉక్కు పనికిరాదు. 304హెచ్ రకంలో కార్బన్ 0.04 శాతం కన్నా తగ్గకూడదని నియమం. వేడిలో ఏళ్ల తరబడి ఒత్తిడి మోసే లోహంలో రేణువులు ఒకదాని మీద ఒకటి జారుతాయి. సరిహద్దు మీద ఎడం ఎడంగా నిలిచిన కార్బైడ్ పలుకులు ఆ జారుడును పట్టి ఆపుతాయి. అవే ఎడతెగని పొరగా మారితే లేదా మరీ ముతకబారితే, వాటి పక్కన ఖాళీలు పుట్టి పగుళ్లకు నాంది అవుతాయి.

ఫాస్ట్ రియాక్టర్ ఇంధన గొట్టాలకు వాడే డీ9 ఉక్కులో 15 శాతం క్రోమియం, 15 శాతం నికెల్, కొద్దిగా టైటేనియం ఉంటాయి. ఆ గొట్టాన్ని చల్లగా ఉండగానే 20 శాతం మేర సాగదీస్తారు. దానితో రేణువు లోపలంతా డిస్లొకేషన్లు నిండి, టైటేనియం కార్బైడ్ సరిహద్దుకు పోకుండా వాటి మీదే నలుసుల్లా పుడుతుంది. న్యూట్రాన్ల తాకిడికి లోహం ఉబ్బిపోవడాన్ని ఆ నలుసులు తగ్గిస్తాయి. కల్పాక్కం రియాక్టర్‌కు కావలసిన ఈ గొట్టాలూ, వాటిని పొదిగే ఆరు పలకల తొడుగులూ హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యాయి.

మాంగనీస్ ఉక్కు

క్రోమియం లేని ఆస్టెనైటిక్ ఉక్కు కూడా ఉంది. షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన ఉక్కులో మాంగనీస్ 12 శాతం ప్రాంతం, కార్బన్ 1 శాతానికి పైన. ఇంత కార్బన్ ఉన్నచోట కార్బైడ్ సరిహద్దుల మీద దట్టంగా పేరుకుంటుంది. ఇక్కడ క్రోమియం లేదు, తుప్పు సమస్యా లేదు, పెళుసుదనమే సమస్య. పోతపోసిన స్థితిలో సుత్తి దెబ్బకు పగిలే ముక్క, 1050 డిగ్రీల వరకు వేడిచేసి నీళ్లలో ముంచితే ఎంత కొట్టినా పగలదు సరికదా, దెబ్బ తగిలిన కొద్దీ పైపొర గట్టిపడుతుంది. మందం ఎక్కువైన పోతల్లో నీళ్లలో ముంచినా నడిమి భాగం నిదానంగానే చల్లారుతుంది, అక్కడి సరిహద్దుల్లో కార్బైడ్ మిగిలిపోతుంది. పోత మందానికి పరిమితి పెట్టేది అదే.

రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వాడే క్రాసింగులను ఈ ఉక్కుతో చేస్తారు. భారతీయ రైల్వే వాటిని కాస్ట్ మాంగనీస్ స్టీల్ క్రాసింగులు, క్లుప్తంగా సీఎంఎస్ అంటుంది. చక్రాల దెబ్బలకు అరిగిన క్రాసింగు మొనను వెల్డింగ్‌తో నింపి మళ్లీ వాడుకోవచ్చు. మామూలు ఉక్కు పట్టాను వెల్డ్ చేసేముందు వేడి చేస్తారు, దీన్ని అలా చేయకూడదు. 300 డిగ్రీలకు అటూ ఇటూ ఎక్కువసేపు ఉంటే చాలు కార్బైడ్ మొదలవుతుంది. పొట్టి పొట్టి పూసలుగా వెల్డ్ వేసి, ప్రతి పూస తర్వాత చల్లారనిచ్చి, పక్క లోహం చేత్తో తాకేంత చల్లగా ఉంటేనే తర్వాతి పూస మొదలుపెట్టాలి.